నవ్వుల గోడ మీద పన్నెండో బొమ్మ

మా తోటికోడలి బొమ్మ వెయ్యడానికి నాకు నలభై రోజులు పట్టింది. మా అమ్మ బొమ్మ కూడా నేను అంత ఓపిగ్గా వెయ్యలేదు.

నేను చిత్రకారిణిని కాను. అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేసే ఇంటికి కోడలిగా వచ్చాను. పాతికేళ్లు వంటా, పిల్లల చదువులూ చూసుకున్నాను. ఓ వానాకాలం పెరట్లో జారిపడి కాలు విరిగి రెండు నెలలు మంచం మీద ఉండాల్సి వచ్చింది. అప్పుడు మా అమ్మాయి తన చిన్నప్పటి రంగుల డబ్బా వెతికి తెచ్చి, "టీవీ చూసి చూసి పిచ్చెక్కిపోద్ది, ఏదో ఒకటి వెయ్యమ్మా" అని ఒళ్లో పెట్టింది. పాత క్యాలెండర్ వెనకాల మందార పువ్వు వేశాను. అది విప్పిన గొడుగులా వచ్చింది. కానీ వేసినంతసేపూ కాలు సలుపుతున్నట్టే తెలియలేదు.

కట్టు విప్పాక కూడా మానలేదు. వడ్రంగి దగ్గర మిగిలిన ప్లైవుడ్ ముక్కలు తెచ్చుకుని, మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక వెనక వసారాలో కూర్చునేదాన్ని. మార్కెట్లో బెల్లం దిమ్మ మోస్తున్న కలాసీని వేశాను. మా స్టేషన్లో ఆగిన రైలు వేశాను. ఇంజనుకి చోటు చాలక పెట్టెలతోనే ఆపేశాను. పీత వేశాను, జాతరలో రంగులరాట్నం వేశాను. చేతులు వెయ్యడం నాకు రాదు. అందుకని నా మనుషులందరూ చేతులు వెనక్కి కట్టుకుని ఉంటారు.

అమ్మ ఒక్కతే చేతులు ముందుకు పెట్టుకుని ఉంటుంది. అమ్మ అనగానే నాకు గుర్తొచ్చేవి చేతులే మరి. మాది దేవరాపల్లి దగ్గర పల్లెటూరు. ఎండాకాలం అరుగు మీద పీట వేసుకుని అప్పడాలు ఒత్తుతుంటే అమ్మ అరచేతుల్లో పిండి తెల్లగా గీతల్లోకి దిగేది. ఆవిడ పోయిన నాలుగేళ్లకి, ఫొటో ఏదీ ముందు పెట్టుకోకుండా, గుర్తున్నదాన్నే వేశాను. అంతా అయ్యాక లెక్క పెడితే కుడిచేతికి ఆరు వేళ్లు వచ్చాయి. దిద్దబోతే ఉన్న చెయ్యి కూడా పోతుందేమోనని భయం వేసి అలాగే ఉంచేశాను.

మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, పూడిమడక దగ్గర సముద్రం కనబడేలా రెండంతస్తుల ఇల్లు కట్టారు. శని, ఆదివారాలకి విశాఖపట్నం నుంచీ హైదరాబాదు నుంచీ వచ్చేవాళ్లకి అద్దెకిచ్చేవారు. ఆ ఇంటి పెత్తనం అంతా మా తోటికోడలిదే. ఆవిడ విశాఖపట్నంలో పుట్టి పెరిగిన మనిషి. నేను అక్కా అని పిలుస్తాను.

ఓ రోజు మా ఇంటికొచ్చి, అటక మీద వరసగా పెట్టిన నా బొమ్మలు చూసింది. ఒక్కొక్కటీ తీసి వెలుతురులో పెట్టి చూసింది.

"ఇలా అటకెక్కించుకుంటే ఏటి లాభం? నాకిచ్చీ. బీచ్ ఇంట్లో హాల్లో పెడతాను. వచ్చినోళ్లందరూ చూస్తారు."

నా ఒళ్లు పులకరించిందని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. అప్పటిదాకా మా ఇంట్లో ఆ బొమ్మల్ని నిలబడి చూసినవాళ్లు లేరు. మా ఆయన 'బాగుందే' అని పేపరు లోంచి తలెత్తకుండా అనేవారు. పదకొండు బొమ్మల్లో పది పాత నేత చీరల్లో చుట్టి కారెక్కించాను. అమ్మ బొమ్మ మాత్రం చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను.

"ఇదొక్కటీ ఉంచుకోనా అక్కా?"

"అదే కదే బాగుంది. అదే అందరికీ ముందు పెడతాను" అంది.

నిజంగానే ముందు పెట్టింది. ఆ సంగతి నాకు ఆరు నెలల తరవాత తెలిసింది.

విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఓ పొద్దున్న ఫోనులో ఒక ఫొటో పంపింది. "అమ్మా, ఇది నువ్వు వేసిన అమ్మమ్మ కదా?" అని అడిగింది. తన ఆఫీసులో ఎవరో ఆ ఇంటికి వెళ్లి వచ్చి అందరికీ చూపిస్తున్నారట. ఫొటోలో నలుగురు కుర్రాళ్లు అమ్మ బొమ్మ పక్కన నిలబడి, కళ్లు పెద్దవి చేసి, చేతులు ముందుకు చాపి పళ్లికిలిస్తున్నారు. ఒకడు ఎడమ చేతి వేలొకటి కుడిచేతి పక్కన పెట్టి ఆరు వేళ్లు చేశాడు. బొమ్మ కింద అట్టముక్క. దాని మీద గుండ్రటి అక్షరాలతో 'ఆరు వేళ్ల దిష్టిబొమ్మ' అని రాసి ఉంది.

ఆ అక్షరాలు నాకు తెలుసు. మా ఇంట్లో శుభలేఖల మీద పేర్లన్నీ ఆ చేత్తో రాసినవే.

మా అమ్మ అక్కకి తెలియని మనిషి కాదు. ఏటా ఎండాకాలం అప్పడాలు తెచ్చినప్పుడు, మిరియం ఎక్కువ వేసినవి ఆవిడకని వేరే పొట్లం కట్టి తెచ్చేది. ఆవిడకి కారం ఇష్టమని.

"నాన్నతో చెప్పమంటావా?" అంది మా అమ్మాయి.

"ఎవరికీ చెప్పకు" అన్నాను.

ఆ వారంలోనే ఎలమంచిలిలో ఎవరినో చూసి వస్తానని ఇంట్లో చెప్పి, అచ్యుతాపురం మీదుగా బస్సు పట్టుకుని పూడిమడక వెళ్లాను. అక్క అక్కడ ఉండదని తెలిసిన రోజే వెళ్లాను. ఇల్లు తుడిచి, వంట చేసి పెట్టే మత్స్యకారుల ఆవిడ ఉంది. నన్ను చూడగానే గతుక్కుమంది.

"సిన్నమ్మగారూ, తమరొచ్చేరేటి?"

హాల్లో హైదరాబాదు కుటుంబం ఒకటి దిగి ఉంది. తెల్లటి గోడ మీద నా పదకొండు బొమ్మలూ వరసగా ఉన్నాయి. పైన పెద్ద అక్షరాలతో 'నవ్వుల గోడ' అని ఉంది. ప్రతి బొమ్మకీ ఒక నంబరు, కింద ఒక అట్టముక్క. కలాసీ కింద 'చేతులు ఎవరో కొట్టేశారు' అని రాసింది. రైలు కింద 'ఇంజను సెలవులో ఉంది'. పీత కింద 'బల్లికి జ్వరం'. పక్కన బల్ల మీద చీటీలూ, పెన్నూ, స్టీలు డబ్బా ఉన్నాయి. అన్నిటికన్నా ఘోరమైన బొమ్మకి ఓటెయ్యాలి. ఏది గెలిస్తే అందరూ ఆ బొమ్మ ఎలా ఉంటే అలా నిలబడి ఫొటో దిగాలి. ఆ నియమం కూడా గుండ్రటి అక్షరాలతో గోడకి అంటించి ఉంది.

ఆ ఇంటివాళ్లమ్మాయి, పదిహేనేళ్లుంటాయేమో, నా చేతిలో ఒక చీటీ పెట్టింది.

"ఆంటీ, మీరూ వెయ్యండి ప్లీజ్. మాకు టై అయింది. దిష్టిబొమ్మకీ పీతకీ సమానంగా వచ్చాయి."

ఆ పిల్ల ముఖంలో చెడ్డతనం ఏమీ లేదు. నేనెవరో దానికి తెలియదు. చీటీ మీద పీత నంబరు రాసి డబ్బాలో వేశాను. అమ్మ ఒక్క ఓటుతో ఓడిపోయింది. అమ్మకోసం ఆ రోజు నేను చెయ్యగలిగింది అదీ. వాళ్లందరూ చేతులు వంకర్లు తిప్పి పీతల్లా నిలబడి ఫొటో తీసుకుంటుంటే నేను వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగాను.

ఇల్లు చూసుకునే ఆవిడ నా వెనకే వచ్చింది. "తమ అమ్మగారి బొమ్మ కింద అట్టముక్క నాను రెండుమాట్లు పీకి పారేసేను సిన్నమ్మగారూ. పెద్దమ్మగారు మల్లీ రాసి అంటించేరు. 'అదుంటేనే గదే జనం నవ్వుతారు' అన్నారు. నానేటి సెయ్యను?"

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడుస్తాననుకున్నాను. ఏడుపు రాలేదు. అచ్యుతాపురం దాటేసరికి ఏం చెయ్యాలో నాకు తెలిసిపోయింది. పోట్లాడితే ఆవిడ నవ్వేస్తుంది. 'సరదాకి రాసేను, దానికే అంత ఇదైపోతావేటే' అంటుంది. ఇంట్లో అందరూ ఆ మాటే నిజమంటారు. అందుకని నేను పోట్లాడలేదు. మర్నాడు వడ్రంగి దగ్గరికి వెళ్లి, ఉన్నవాటిలో పెద్ద ప్లైవుడ్ ముక్క అడిగి తెచ్చుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అంతకు ఆరేళ్ల కిందట, అందరం ఒకే ఇంట్లో ఉన్న రోజుల్లో, మా అక్కకి ముఖానికి పక్షవాతం లాంటిది వచ్చింది. ఎడమ పక్కంతా జారిపోయింది. నీళ్లు తాగితే మూతి పక్కనుంచి కారిపోయేవి. నాలుగు నెలలు నేనే ఆవిడ ముఖానికి నూనె రాసి, డాక్టరు చూపించినట్టు వేళ్లతో పైకి నిమిరేదాన్ని. కన్ను మూతపడక ఎండిపోతుంటే చుక్కలు వేసి, రెప్ప మూసి ప్లాస్టరు అంటించేదాన్ని. మూతి సర్దుకుంది, మాట సర్దుకుంది. ఎడమ కన్ను మాత్రం కొంచెం చిన్నదైపోయింది. మామూలుగా ఉంటే తెలియదు. నవ్వితే మాత్రం ఆ కన్ను దానంతటదే మూసుకుపోతుంది. అప్పటినుంచీ ఆవిడ రంగు కళ్లద్దాలు పెట్టుకుంటుంది. ఫొటోల్లో నవ్వదు. ఎప్పుడూ కుడి పక్క మాత్రమే కనబడేలా నిలబడుతుంది. ఎందుకో ఇంట్లో పిల్లలకి తెలియదు, పెద్దవాళ్లలో కూడా చాలామంది మరిచిపోయారు. నాకు తెలుసు.

నేను ఆవిడని కళ్లద్దాలు లేకుండా, ఎదురుగా చూస్తూ, నవ్వుతూ వేశాను.

నా పాత బొమ్మలకీ దీనికీ పోలిక లేదు. నలభై మధ్యాహ్నాలు కూర్చున్నాను. ముక్కు కుదరకపోతే గీకి మళ్లీ వేశాను. పెదాల మీద పుట్టుమచ్చ, చెవి కమ్మల్లో కెంపులు, పాపిటి పక్కన తెల్లబడిన పాయ, అన్నీ వేశాను. ఫొటో చూడాల్సిన అవసరమే రాలేదు. నాలుగు నెలలు నా వేళ్లు తిరిగిన ముఖం అది, ఎక్కడ ఎముక ఉందో, ఎక్కడ మెత్తగా ఉంటుందో నాకు తెలుసు. కన్ను చివరిదాకా మిగిల్చాను. రెప్ప సగంపైగా కిందకి దింపి, పక్కన మూడు ముడతలు గీసి, దూరంగా జరిగి చూశాను. ఆవిడే. నా బతుకులో నేను సరిగ్గా వేసిన మొదటి బొమ్మ అది. ఆ సంతోషం ఎలాంటిదో ఇప్పటికీ గుర్తుంది. వంటింట్లోకి వెళ్లి రెండు గరిటెల పరమాన్నం గిన్నెలో వేసుకుని నిలబడే తిన్నాను.

కార్తీకమాసంలో మా వాళ్లందరం వనభోజనాలకి ఆ బీచ్ ఇంటికే వెళ్తాం. ఆ ఏడు ముప్ఫైమంది దాకా చేరాం, బెల్లం లోడు ఉందని మా ఆయన ఒక్కరే రాలేదు. పులిహోర, వంకాయ కూర, గారెలు, అన్నీ అక్కడే వండాం. భోజనాలు అయ్యి, అక్క కళ్లద్దాలు లోపల పెట్టి వచ్చి ఆడవాళ్లతో హాల్లో నడుం వాల్చిన సమయం చూసి, చీర చుట్టిన బొమ్మ పట్టుకొచ్చి అక్క ముందు పెట్టాను.

"నీకోసమే వేసేనక్కా. గోడ మీద అందరూ ఉన్నారు, నువ్వే లేవు."

ఆవిడ మురిసిపోయింది. చీర విప్పింది. విప్పాక ఒక్క క్షణం ఆవిడ ముఖంలో ఏమీ లేదు. మా అత్తగారు చూపు సరిగా ఆనక, కర్ర పట్టుకుని దగ్గరగా వచ్చి, బొమ్మ మీద ముక్కు పెట్టినంత పని చేసింది.

"అచ్చం నువ్వేనే! నవ్వితే నీ కన్ను ఇలాగే మూసుకుపోద్ది. ఎంత బాగా ఏసిందే! ఒరే, మేకూ సుత్తీ తెండ్రా, గోడకి కొట్టండి."

అత్తగారి మాట కాదనేవాళ్లు మా ఇంట్లో లేరు. మా బావగారే స్టూలెక్కి మేకు కొట్టారు. అమ్మ బొమ్మ పక్కనే పన్నెండో బొమ్మ అయింది అది. మిగతావాటికి అట్టముక్కలున్నాయి, దీనికి లేదు. నేను ఏమీ రాయలేదు. రాయాల్సిన అవసరం లేదని నాకు తెలుసు.

పిల్లలు ఊరుకోరు కదా. చీటీలూ పెన్నూ కనబడగానే ఓట్లాట మొదలెట్టారు. చీటీలు విప్పి గెలిచినదేదో చెప్పడం ఎప్పుడూ అక్క పనేనట. డబ్బా తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టారు. ఒక్కో చీటీ విప్పుతూ ఆవిడ చదువుతోంది. పన్నెండు. పన్నెండు. అయిదు. పన్నెండు. పన్నెండు. పిల్లలకి తెలియదు, కొత్త బొమ్మ కదా అని వేశారు. పెద్దవాళ్లలో కొందరు తెలిసే వేశారు. ఆవిడ పెత్తనం నచ్చనిదాన్ని నేనొక్కదాన్నే కానని ఆ రోజు అర్థమైంది.

"పన్నెండు గెలిచింది" అంది. గొంతు మామూలుగానే ఉంది.

"ఫొటో! ఫొటో!" అని అరిచారు పిల్లలు.

పన్నెండు పదమూడుమంది గోడ ముందు వరసగా నిలబడి, పళ్లు కనబడేలా నవ్వుతూ ఎడమ కన్ను మూశారు. మా మరిది కొడుకు వేలితో రెప్ప పట్టి కిందకి లాగి మరీ మూశాడు. "దొడ్డమ్మా నువ్వూ రా, నీ బొమ్మే కదా" అని ఆవిడ చెయ్యి పట్టుకుని లాగారు. నన్నూ లాగారు. ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం. ఆ ఫొటో ఇప్పటికీ నా ఫోనులో ఉంది. అందులో రెండు కళ్లూ తెరిచి ఉన్నది మేమిద్దరమే.

ఆవిడ వెంటనే లోపలికి వెళ్లి కళ్లద్దాలు పెట్టుకుని వచ్చింది. సాయంత్రం దాకా అందరికీ కాఫీలు అందించింది. నా కప్పు కూడా తనే తెచ్చింది. నా ముఖంలోకి చూడలేదు. నేను ఆ కాఫీ చివరి చుక్క దాకా తాగాను.

వారం తిరక్కుండా మా ఇంటి ముందు ఆటో ఆగింది. గోనెసంచిలో పదకొండు బొమ్మలూ వచ్చాయి. అట్టముక్కలన్నీ పీకేసి ఉన్నాయి, జిగురు మరకలు మాత్రం మిగిలాయి. అమ్మ బొమ్మ కింద మరక తడిగుడ్డతో రుద్ది రుద్ది తీశాను. పన్నెండోది రాలేదు.

మా ఆయనకి ఆ సంచి చూశాక అనుమానం వచ్చి అడిగారు. మొత్తం చెప్పాను. "దిష్టిబొమ్మ అని రాయడం తప్పే. కానీ కన్ను ఎందుకేసేవే?" అన్నారు. రెండు రోజులు ఆయనతో కూడా మాట్లాడలేదు.

తరవాత నాలుగు నెలలు అక్క మా గడప తొక్కలేదు, నేనూ వెళ్లలేదు. ఎలమంచిలిలో పెళ్లిలో ఎదురుపడ్డాం. భోజనాల బంతిలో కుర్చీలు తక్కువై నా పక్కనే కూర్చోవాల్సి వచ్చింది. పప్పు కలుపుతూ ఆవిడే మొదలెట్టింది.

"నూనె రాసింది నువ్వే. ఆ కన్ను గురించి నేను ఎవరి దగ్గర ఏడిచేనో నీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసే ఏసేవు."

"తెలిసే ఏసేను. మా అమ్మ చేతి అప్పడాలు ఎన్నేళ్లు తిన్నావో నీకూ తెలుసు కదక్కా. నువ్వూ తెలిసే రాసేవు."

"నాకు మీ అమ్మ గుర్తు రాలేదే. ఒట్టు. బొమ్మ చూస్తే నవ్వొచ్చింది, రాసేసేను."

అది నిజమేనని ఆ క్షణంలోనే అనిపించింది. దానికి నా కోపం తగ్గలేదు, పెరిగింది. పగబట్టి రాసి ఉంటే బాగుండేది. గుర్తే రాలేదట.

"బొమ్మ ఏం చేసేవు?" అని అడిగాను.

"ఉంది."

"ఎక్కడ?"

"ఉందిలే" అని వడ్డించేవాడిని పిలిచి పెరుగు వెయ్యమంది. పెరుగన్నం తిని, ఆకు మడిచి, నాకన్నా ముందే లేచి వెళ్లిపోయింది.

ఇప్పుడు పండగలకీ పబ్బాలకీ మాట్లాడుకుంటాం. అక్కా అనే పిలుస్తాను. క్షమించమని ఆవిడ అడగలేదు, నేనూ అడగలేదు. కన్ను వేసినందుకు నాకు బాధ లేదా అంటే, ఎప్పుడైనా మధ్యాహ్నం పూట ఆ నూనె వాసన గుర్తొస్తే ఉంటుంది. చేతులు కడుక్కుంటే పోతుంది.

ఆ ఇంటి గోడకి ఇప్పుడు దుకాణంలో కొన్న బొమ్మలు పెట్టారట. తెల్ల పడవలు, నీలం సముద్రం, ఒకే సైజు ఫ్రేములు. బస చేసినవాళ్లు ఆ ఇంటి గురించి ఫోనులో ఏం రాస్తారో చదవడం మా అమ్మాయి నేర్పింది. రోజూ పొద్దున్న కాఫీతో చదువుతాను. మొన్నొకరు రాశారు, ఇల్లు శుభ్రంగా ఉంది, కానీ ఇదివరకున్న ఆ పిచ్చి బొమ్మలు తీసేశారు, ఇప్పుడు చూడ్డానికి ఏమీ లేదు, మళ్లీ రాము అని. చదివి ఒళ్లు మండింది, మా అమ్మని చూసి మళ్లీ నవ్వాలట వీళ్లకి. అయినా 'మళ్లీ రాము' అన్న ముక్క మా ఆయనకి పైకి చదివి వినిపించాను, రెండుసార్లు.